తిరుపతిలో ఇంట్లోనే డాన్స్ క్లాసు పెట్టాలా వద్దా అని అడిగిన చెల్లెమ్మకు

చెల్లెమ్మా, నీ ప్రశ్న రెండు సార్లు చదివాను. కూచిపూడిలో డిప్లొమా అయింది, పెళ్లయి తిరుపతికి వచ్చావు, అత్తమ్మ మామయ్య మీతోనే ఉంటారు, బాబుకి నాలుగేళ్లు. ఇంట్లో క్లాసు పెట్టాలని ఉంది కానీ ఇల్లు దెబ్బతింటుందేమో, ఫీజులతో గడుస్తుందా, ఈ ఊళ్లో ఇప్పటికే ఇంతమంది టీచర్లుంటే నా దగ్గరికి ఎవరొస్తారు, క్లాసు జరిగేటప్పుడు బాబుని ఏం చేయాలి అని అడిగావు. నేను ఇదే ఊళ్లో పాతికేళ్లకు పైగా పిల్లలకి నేర్పిస్తున్నాను. ఇద్దరు పిల్లల్ని పెంచింది, అత్తగారు మంచాన పడితే చూసుకున్నది, క్లాసు నడిపింది అంతా ఒకే ఇంట్లో. కాబట్టి నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తాను. నాకంటే చిన్నదానివి కదా అని నువ్వు అంటున్నాను, ఏమనుకోకు.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. క్లాసు టైమ్ కదలకూడదు. సాయంత్రం ఐదున్నర అంటే ఐదున్నరే. వాన పడినా, చుట్టాలొచ్చినా, ముగ్గురే పిల్లలు వచ్చినా ఆ టైమ్‌కి నువ్వు కొంగు బిగించి, తాళం కొట్టే కర్ర పట్టుకుని చెక్క ముందు కూర్చుని ఉండాలి. మన ఊళ్లో మూతపడిన డాన్స్ క్లాసులు కొన్ని చూశాను, ఒక్కటీ టీచరుకి విద్య లేక మూతపడలేదు. పెద్ద గురువుల దగ్గర నేర్చుకున్నవాళ్లు, స్టేజీ మీద చూస్తే కళ్లు తిప్పుకోలేనంత బాగా ఆడేవాళ్లు, ఇవాళ ఉంది రేపు లేదు అంటూ, ప్రోగ్రాంకి వెళ్లాలి కాబట్టి వారం సెలవు అంటూ నడిపేసరికి తల్లిదండ్రులు మెల్లగా మానిపించేశారు. స్కూలు నుంచి వచ్చిన పిల్లకి పాలు తాగించి, జడ వేసి, కొర్లగుంట నుంచో మంగళం నుంచో స్కూటీ మీద తీసుకొచ్చిన తల్లికి తలుపుకి తాళం కనిపిస్తే ఆవిడ మళ్లీ ఎన్నిసార్లు వస్తుంది చెప్పు. పాఠం ఎంత బాగా చెప్పావన్నది వాళ్లకి రెండేళ్లు పోయాక గానీ తెలియదు, తలుపు తీసి ఉందా లేదా అన్నది మొదటి వారంలోనే తెలుస్తుంది.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. కోడలు డాన్స్ చెప్పడం ఇష్టం లేని అత్తమామలు ఇప్పుడు తక్కువే. వాళ్లని చికాకు పెట్టేది, కోడలు ఎప్పుడు దొరుకుతుందో ఎప్పుడు దొరకదో తెలియకపోవడం. కాఫీ ఎవరు పెడతారు, మాత్రలు ఎవరిస్తారు, తలుపు కొడితే ఎవరు తీస్తారు, ఇదీ వాళ్ల టెన్షన్. ఐదున్నర నుంచి ఏడు వరకు నేను ఉండను, ఏడు దాటాక ఇల్లు చూసుకునేది నేనే అని ఒకసారి స్పష్టంగా చెప్పి అలాగే నిలబడితే, రెండు మూడు నెలల్లో ఇల్లంతా ఆ టైమ్ చుట్టూ సర్దుకుంటుంది. మా ఇంట్లో నేను నాలుగున్నరకే కూర తరిగి, రసానికి చింతపండు నానేసి, మామయ్యకి టీ ఫ్లాస్కులో పోసి పెట్టేదాన్ని. మా అత్తమ్మ మొదట్లో పెద్దగా మాట్లాడేది కాదు, వరండాలో కూర్చుని చూసేది, అంతే. కొన్నాళ్లకి చెప్పులు వరుసలో పెట్టమని పిల్లలకి చెప్పడం మొదలుపెట్టింది, ఆ తర్వాత డబ్బాలో మురుకులు తెచ్చి పెట్టుకునేది, ఒకరోజు రాత్రి అన్నం తింటూ "ఆ పచ్చ చుడీదార్ పాప మూడు రోజులుగా రాలేదే, ఒంట్లో బాగలేదేమో కనుక్కో" అంది. నా రిజిస్టర్‌లో ఆ పిల్ల రాలేదని రాసుకున్నాను గానీ ఫోన్ చేయాలని నాకు తోచలేదు. ఆ రోజు నుంచి రాని పిల్లల లెక్క అత్తమ్మదే. చుట్టుపక్కల నా క్లాసుకి మంచి పేరు వచ్చిందంటే అందులో సగం ఆవిడ వల్లే, ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

మీ ఆయన్ని కూడా ఊరికే "కాస్త సాయం చేయండి" అని అడగకు, ఇదిగో ఈ పని మీది అని ఒకటి అప్పచెప్పు. మా ఆయనది కొండ మీద డ్యూటీ, షిఫ్టులు మారుతుంటాయి, రోజూ సాయం చేయడం ఆయనకి కుదిరేది కాదు. అందుకే నెలాఖరు లెక్క, ప్రోగ్రాంలప్పుడు వ్యాను మాట్లాడటం, పిల్లలందరూ తిరిగి ఇళ్లకి చేరారా అని ఫోన్లు చేయడం ఆయన తీసుకున్నారు. ఇప్పటికీ ఆయనే చేస్తారు.

ఇల్లు గురించి. గ్రౌండ్ ఫ్లోర్ అయితేనే పెట్టు. అపార్ట్‌మెంట్‌లో పైఅంతస్తులో పదిమంది పిల్లలు ఒక్కసారి అడుగు కొడితే కిందవాళ్లు టీవీ కూడా చూడలేరు, ఎంత మంచివాళ్లయినా ఆరు నెలల్లో గొడవ తప్పదు. ఇక నేల. చాలామంది టీచర్లు దీన్ని పట్టించుకోరు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. స్లాబ్ మీద నేరుగా వేసిన టైల్స్, గ్రానైట్, మార్బుల్ చూడటానికి బాగుంటాయి, తుడవడం తేలిక, కానీ అడుగు కొట్టినప్పుడు ఆ దెబ్బని నేల తీసుకోదు, మడమలోంచి మోకాలికి, నడుముకి తిరిగి వచ్చేస్తుంది. పిల్లలకి అప్పటికప్పుడు ఏమీ అనిపించదు. రోజూ ఆడి చూపించే నీకు మాత్రం నలభై దాటేసరికి మోకాళ్లు చెప్తాయి. డబ్బు కుదిరితే కింద చెక్క బద్దలు పరిచి వాటి మీద ప్లైవుడ్ కొట్టించుకో, కింద ఖాళీ ఉంటే దెబ్బని అది తీసుకుంటుంది. కుదరకపోతే గట్టి రబ్బరు షీటు. మెత్తటి స్పాంజి మ్యాట్ మాత్రం వద్దు, పాదం అందులో దిగబడి చీలమండ మెలిక పడుతుంది.

నేల తర్వాత అరమండి, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ. ఏడేళ్లు రానిదే అడవులు (కాలూ చేయీ కలిపి వేసే మొదటి పాఠాల అడుగులు) మొదలుపెట్టకు, అంతకంటే చిన్నపిల్లలు వస్తే నడక, తాళం, చేతులు, చిన్న చిన్న శ్లోకాలు చాలు. అరమండిలో పిల్లని నిలబెట్టినప్పుడు ముందు పాదం లోపలి వంపు చూడు. ఆ వంపు నేలకి అతుక్కుపోయి, బొటనవేలి వైపు బరువంతా ఒరిగిపోయి ఉంటే ఆ పిల్ల తుంటి దగ్గర తిరగకుండా పాదాన్ని మాత్రం బలవంతంగా బయటికి తిప్పిందని అర్థం. అప్పుడు మోకాలు లోపలికి పడుతుంది. "ఇంకా కూర్చో, ఇంకా కూర్చో" అని భుజాలు నొక్కితే పిల్ల కూర్చుంటుంది, మోకాలు పాడవుతుంది. పాదాలు కాస్త దగ్గరికి తిప్పించి, మోకాలి చిప్ప సరిగ్గా రెండో వేలి పైకి వచ్చేలా నిలబెట్టి, అక్కడి నుంచి ఎంత కూర్చోగలిగితే అంత కూర్చోమను. తుంటి వదులయ్యే కొద్దీ లోతు దానంతటదే వస్తుంది. మోకాళ్ల మీద ఇంకో పిల్లని కూర్చోబెట్టి నొక్కించడం, తొడల మీద నిలబడటం లాంటివి ఎక్కడైనా చూసి ఉంటే మర్చిపో, నీ క్లాసులో జరగనివ్వకు.

మొదటి ఏడాదంతా అడవులు, మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. తకిట, తకధిమి, తక తకిట, ఏడు, తొమ్మిది, ఇవన్నీ నోటితో చెప్పించు, చేత్తో వేయించు, ఆ తర్వాతే కాలు. ఫోన్‌లో తాళం పెట్టి పక్కన కూర్చోకు, కర్ర నీ చేతిలోనే ఉండాలి. పిల్ల తడబడినప్పుడు కర్ర ఒక్క క్షణం ఆగి ఆ పిల్లని కలుపుకుని మళ్లీ నడుస్తుంది, ఫోన్‌కి అది తెలియదు. ఇదంతా బాగానే ఉంటుంది గానీ మూడో నెలలో తల్లిదండ్రులు వస్తారు, "మేడమ్, ఇంకా పాటకి చేయించలేదా, పక్కింటి పాప అప్పుడే స్టేజీ ఎక్కింది" అంటారు. వాళ్లని కసురుకోకు. వాళ్లు కష్టపడి సంపాదించిన డబ్బు కడుతున్నారు, చూడాలనుకోవడంలో తప్పేముంది. ఒక శ్లోకం, ఒక చిన్న అన్నమయ్య కీర్తన అభినయం మాత్రం నేర్పు, అడవుల కోసం కేటాయించిన టైమ్ మాత్రం తగ్గించకు.

నేను చిన్నపిల్లలకి ముద్దుగారే యశోద నేర్పిస్తాను. అందులో అన్నమయ్య కృష్ణుణ్ణి వరసగా నవరత్నాలతో పోలుస్తాడు, ముత్యం, మాణిక్యం, వజ్రం, పచ్చ, పగడం అలా ఇంద్రనీలం దాకా. తొమ్మిదింటికీ తొమ్మిది రకాలుగా చేయి పట్టాలి, చూపు మారాలి. ఒకసారి ఒక పాప "గోమేధికం ఏ రంగు మేడమ్?" అని అడిగింది. చుట్టూ ఉన్న పిల్లల్లో ఎవరూ చూసి ఉండలేదు. ఆ బ్యాచులో ఒక పాప వాళ్ల నాన్న బంగారు అంగట్లో పని చేస్తాడు, సంగతి విని మరుసటి ఆదివారం యజమానిని అడిగి ఒక నవరత్నాల ఉంగరం జేబురుమాల్లో చుట్టి తెచ్చాడు. కిటికీ దగ్గర వెలుతురులో ఆయన ఉంగరం పట్టుకుని నిలబడ్డాడు, పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, ఒక కన్ను మూసి, రాళ్లు లెక్కపెట్టుకుంటూ చూశారు. గోమేధికం తేనె రంగులో ఉంది. ఆ రోజు తర్వాత గోవర్ధనం ఎత్తే చోట ఆ పిల్లలు పట్టిన చేతిలో నిజంగా ఒక రాయి ఉన్నట్టే ఉండేది, దాని బరువు వాళ్ల కళ్లలో కనిపించేది. క్లాసు అంటే టీచరు, పిల్లలు మాత్రమే అనుకోకు. ఆ తండ్రి లాంటివాళ్లు నీ చుట్టూ చేరాలి, పిలిస్తే చేరతారు.

ఇంతమంది టీచర్ల మధ్య నా దగ్గరికి ఎవరొస్తారు అన్నావు. తిరుపతిలో డాన్స్ ఎక్కువగా ఉండటం నీకు మేలే గానీ కీడు కాదు. టీటీడీ వాళ్ల ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది, అక్కడ కూచిపూడి, భరతనాట్యం రెండూ చెప్తారు, విశారద, ప్రవీణ కోర్సులున్నాయి. 1983లో మొదలైన పద్మావతి మహిళా యూనివర్సిటీలో కూడా కళల విభాగం ఉంది. పెద్దయ్యాక దీన్నే చదువుగా తీసుకోవాలనుకునే పిల్లని అలాంటి చోటికి నువ్వే దగ్గరుండి పంపు, నా స్టూడెంట్ పోతోంది అని బాధపడకు. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు బాగా చేసే పిల్లలుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఆర్టీ ఇచ్చే స్కాలర్‌షిప్‌కి అప్లై చేయించు, మన దగ్గర చాలామంది తల్లిదండ్రులకి అది ఉందనే తెలియదు.

స్టేజీ విషయంలో కూడా మన పిల్లలు అదృష్టవంతులు. వేరే ఊళ్లలో ఏడాదికి ఒక ప్రోగ్రాం దొరికితే గొప్ప. ఇక్కడ మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం, కొండ మీద గుడి ఎదురుగా నాదనీరాజనం, తిరుచానూరులో కార్తీక బ్రహ్మోత్సవాలు, కపిలతీర్థంలో శివరాత్రి, కాస్త దూరం పోతే శ్రీకాళహస్తి, కాణిపాకం. అప్లికేషన్లు పెట్టుకుని, ఓపికగా తిరిగితే అవకాశం వస్తుంది. అయితే వచ్చిన ప్రతి అవకాశానికీ పరిగెత్తకు. ఏడాదికి రెండు మూడు చాలు. ప్రోగ్రాం ఒప్పుకున్నావంటే నెల రోజులు ఆ ఒక్క ఐటమే తోముతావు, మిగతా పిల్లలు గోడకానుకుని కూర్చుంటారు.

బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఆడే అవకాశం వస్తే మాత్రం వదులుకోకు, కానీ దానికి పిల్లల్ని వేరేగా తయారు చేయాలి. స్టేజీ మీద ఆడటం వేరు, మాడ వీధుల్లో నడుస్తూ ఆడటం వేరు. ముందుకి కదులుతూనే ఉండాలి, రెండు వైపులా జనం, ఎటు చూసినా వాళ్లే, ముందు ఇంకో బృందం వాయిద్యాలు, వెనక ఇంకో బృందం, నీ తాళం నీకు వినపడదు. కాళ్లకి చెప్పులుండవు, పగటి వాహనమైతే రాళ్లు కాలుతుంటాయి. అంతకుముందు గంటల తరబడి మేకప్‌తో, నగలతో కూర్చుని ఎదురుచూడాలి. నేను నెల ముందు నుంచి పిల్లల్ని మా వీధిలో సాయంత్రం పూట గజ్జెలతో నడుస్తూ ఆడిస్తాను, పాట లేకుండా, నేను కర్రతో కొడుతుంటే ఆ శబ్దం మీదే. వీధిలోవాళ్లు బయటికి వచ్చి నిలబడి చూస్తారు, బండ్లవాళ్లు ఆగి దారిస్తారు. అల్లరి చేసే మగపిల్లలు కూడా ఒక వారం చూశాక జనాన్ని పక్కకి జరిపే పని వాళ్లే తీసుకుంటారు. పిల్లల బ్యాగుల్లో ఉప్పు వేసిన మజ్జిగ బాటిల్, పిన్నీసులు, దారం సూది, తెగిపోయే గజ్జెల కోసం ఒక జత ఎక్స్‌ట్రా తాడు తప్పకుండా ఉండాలి.

ఒక విషయం మాత్రం కోపంగానే రాస్తున్నాను. వందల మంది, వేల మంది పిల్లల్ని ఒక గ్రౌండ్‌లో నిలబెట్టి ఆడించి రికార్డు సృష్టిస్తాం, ఒక్కొక్కరు ఇంత కట్టండి, సర్టిఫికెట్, మెడల్ ఇస్తాం అని ఫోన్లు వస్తాయి. ఒకసారి అలాంటి దానికి మా పిల్లల్ని తీసుకెళ్లాం. ఎండలో మధ్యాహ్నం దాకా నిలబెట్టారు, మంచినీళ్లు సరిగా లేవు, ఇద్దరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోయారు. ఏ పిల్లా ఏం ఆడిందో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. పిల్ల ఆడేటప్పుడు ఆ పిల్ల ముఖం చూసేవాళ్లు ఎదురుగా ఉండాలి, పదిమందైనా చాలు. స్టేజీ ఇచ్చేవాళ్లకి మన తల్లిదండ్రులు డబ్బు కట్టడం అనేది నా క్లాసులో లేదు, నీ క్లాసులో కూడా మొదటి రోజు నుంచే లేకుండా చూసుకో. అరంగేట్రం కూడా అంతే. పాట, నట్టువాంగం (తాళం వేస్తూ జతులు చెప్పడం), మృదంగం, వయొలిన్, వేణువు, రిహార్సల్స్, హాలు, భోజనాలు, ఒక మామూలు ఇంటికి అది పెళ్లి ఖర్చు. పిల్ల సిద్ధంగా ఉండి, ఆ ఇంటికి అప్పు లేకుండా జరుగుతుందంటేనే చేయించు. లేదంటే నలుగురైదుగురు పిల్లలకి కలిపి గుళ్లో గజ్జె పూజ చేసి, తలా ఒక ఐటమ్ ఆడించు, ఏమీ తక్కువ కాదు.

ఇక డబ్బు. ఒక్క బ్యాచుతో ఇల్లు గడవదు, ఇంట్లో ఇంకో సంపాదన ఉండి దీన్ని రెండోదిగా పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఇదొక్కటే ఆధారం అయితే ఒకటి రెండు ప్రైవేటు స్కూళ్లలో వారానికి రెండు రోజులు పీరియడ్లు తీసుకోక తప్పదు. స్కూలు తీసుకుంటే ముందే రాతపూర్వకంగా మాట్లాడుకో. డిసెంబరు వచ్చేసరికి యాన్యువల్ డే పేరుతో నీ సాయంత్రాలన్నీ అడుగుతారు, సినిమా పాటలకి కంపోజ్ చేయమంటారు. ఒక స్కూలు వాళ్లు నాకు ఆ రెండు నెలల డబ్బు ఇప్పటికీ ఇవ్వలేదు. సాయంత్రం ఐదున్నర తర్వాత నేను రాను అని మొదట్లోనే చెప్పినవాళ్లకి ఆ ఇబ్బంది ఉండదు.

ఫీజు ఎంత పెట్టాలి అంటే, మీ ఏరియాలో లెక్కల ట్యూషన్ చెప్పే మాస్టారు నెలకి ఎంత తీసుకుంటారో కనుక్కో, అంతకంటే తగ్గకు. కళ కదా అని ఊరికే చెప్తే ఎవరూ విలువివ్వరు, నాలుగు రోజులు వచ్చి మానేస్తారు. అయితే కట్టలేని పిల్లలు తప్పకుండా వస్తారు. మా దగ్గర ఇళ్లలో పని చేసే తల్లుల పిల్లలు, గుడి దగ్గర పూలు కట్టి అమ్మేవాళ్ల పిల్లలు ఎప్పుడూ ఉంటారు. ఫీజు కట్టనిది ఎవరో నాకు, ఆ తల్లికి తప్ప మూడో మనిషికి తెలియదు. అందుకే నేను ఫీజు ఎవరి చేతిలోంచీ నేరుగా తీసుకోను, అందరూ కవరు తెచ్చి డబ్బాలో వేస్తారు, కట్టలేనివాళ్లు కూడా ఖాళీ కవరు వేస్తారు. డ్రెస్సులకి కూడా ఒక ఏర్పాటు చేసుకో. ధర్మవరం పట్టుతో కుట్టించిన డ్రెస్సు పిల్లకి రెండేళ్లకే పొట్టిదైపోతుంది. కుట్టించేటప్పుడే లోపల మడతలో గుడ్డ ఎక్కువ వదలమని టైలర్‌కి చెప్పు, విప్పుకుంటూ పోవచ్చు. పొట్టిదైపోయిన డ్రెస్సు, జడకుప్పెలు, వడ్డాణం, పాపిడిబిళ్ల ఇచ్చేయమని తల్లిదండ్రుల్ని అడుగు, సంతోషంగా ఇస్తారు. మా ఇంట్లో ఒక బీరువా నిండా ఉన్నాయి, స్టేజీ రోజు ఎవరిది సొంతమో ఎవరిది బీరువాదో చూసేవాళ్లకి తెలియదు.

మగపిల్లల్ని తీసుకో, వాళ్లకోసం నువ్వే నోరు తెరిచి అడుగు. తాతయ్యగుంట గంగమ్మ జాతరప్పుడు మన ఊళ్లో మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని, గాజులు వేసుకుని అమ్మవారికి మొక్కు తీర్చుకుంటారు, అదెవరికీ సిగ్గు కాదు, అది భక్తి. అదే తండ్రిని మీ అబ్బాయిని డాన్స్‌కి పంపండి అంటే తటపటాయిస్తాడు. నేను వాళ్లకి ఒకటే చెప్తాను, కూచిపూడి అసలు మగవాళ్లు ఆడిన నాట్యం, ఆడవాళ్లు ఇందులోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే, సత్యభామ వేషంలో వేదాంతం సత్యనారాయణ శర్మగారిని చూసి ఆడవాళ్లే ఆశ్చర్యపోయేవాళ్లు, 1970లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది అని. అందరూ ఒప్పుకోరు. ఒప్పుకున్న ఇద్దరు ముగ్గురు పిల్లలు చాలు, వాళ్లని చూసి ఇంకొందరు వస్తారు.

ఎండాకాలం సెలవుల్లో ఒక్క రోజైనా పిల్లల్ని చిత్తూరు వైపు పల్లెల్లో జరిగే భారతం ఉత్సవానికి తీసుకెళ్లు. పగలు హరికథ, రాత్రంతా వీధి నాటకం, అర్జున తపస్సు రోజు ఆ పొడవాటి మాను మీదకి వేషధారి పద్యాలు పాడుకుంటూ ఎక్కుతుంటే పల్లె మొత్తం తలెత్తి చూస్తుంది. మా తాత వీధి నాటకంలో వేషం కట్టేవాడు, చిన్నప్పుడు నేను మొదట చూసిన ఆట అదే. మన పిల్లలు ఏసీ హాల్లో కుర్చీల్లో కూర్చున్న జనానికి ఆడటమే నేర్చుకున్నారు. అంతమంది నేల మీద కూర్చుని తెల్లవార్లూ కదలకుండా ఎలా చూస్తున్నారో, వేషగాడు గొంతుతో, కాలితో వాళ్లని ఎలా పట్టి ఉంచుతున్నాడో పిల్లలు దగ్గర నుంచి చూడాలి.

పెద్ద బెంగ ఒకటి ముందే చెప్తున్నాను, అప్పుడు గుండె నొప్పి పెట్టుకోకుండా. ఎనిమిదేళ్లు నేర్పిన పిల్ల, చేయి చూస్తే నీ చేయి అనిపించేంత బాగా వచ్చిన పిల్ల, పదో తరగతి రాగానే మానేస్తుంది. ఇంటర్‌లో హాస్టల్, ఆ తర్వాత ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), నీట్. దాదాపు ప్రతి ఏడూ ఇదే. తల్లిదండ్రులతో పోట్లాడకు, ఆ పిల్ల మీద అలగకు. హాస్టల్ నుంచి పండక్కి వచ్చినప్పుడు ఒక్క పూట వచ్చి చిన్నపిల్లలకి అడవులు చెప్పమను. వచ్చినవాళ్లు వస్తారు. మా దగ్గర బీటెక్ అయ్యాక తిరిగి వచ్చి, ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం జూనియర్ బ్యాచు చూసుకుంటున్న అమ్మాయి ఉంది.

ఇంకో బ్యాచు పెట్టు, పొద్దున పదకొండు గంటలకి, తల్లులకోసం. పిల్లల్ని దించి వెళ్లే ఆడవాళ్లలో చిన్నప్పుడు నేర్చుకోవాలని ఉండి కుదరనివాళ్లు చాలామంది. నలభై ఏళ్ల వయసులో అరమండి లోతుగా రాదు, రానక్కర్లేదు. బీపీ, థైరాయిడ్, మోకాళ్ల సంగతి ముందే అడిగి తెలుసుకో. మా బ్యాచులో చేరినవాళ్లలో చాలామంది అప్పటికే కోలాటం బృందాల్లో ఉన్నవాళ్లు, తాళం వాళ్లకి నాకంటే గట్టిగా ఉండేది. వాళ్ల నుంచి నేను కోలాటం వరసలు నేర్చుకున్నాను, వాటిని పిల్లల ఐటమ్స్‌లో వాడుతున్నాను.

ఆ తల్లులే తర్వాత నా బలం అయ్యారు. 2021 నవంబరులో వరద వచ్చినప్పుడు పల్లపు ప్రాంతాల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి కదా, మా పిల్లల్లో రెండు కుటుంబాలు పుస్తకాలు, బట్టలు అన్నీ వదిలేసి వచ్చాయి. మా క్లాసు హాల్లోనే పడుకున్నారు. తల్లుల బ్యాచు వాళ్లు వంతులేసుకుని వండి తెచ్చారు, ఒకావిడ పిల్లల పుస్తకాలు తన ఇంట్లో ఫ్యాన్ కింద ఒక్కో పేజీ ఆరబెట్టింది. సాయంత్రం చాపలు, మూటలు ఒక పక్కకి జరిపి పాఠం మాత్రం చెప్పాను, ఐదున్నరకే. ఇల్లు మునిగిన పిల్లలు కూడా లేచి వరసలో నిలబడ్డారు.

అత్తమ్మ మంచాన పడిన రెండేళ్లు నాకు అన్నిటికంటే కష్టమైన కాలం. అప్పుడు కూడా క్లాసు ఆపలేదు, అలా అని ఆవిణ్ణి వదిలేయలేదు. మంచం హాలు పక్క గదిలో వేయించి మధ్య తలుపు తీసి పెట్టేదాన్ని. మొదటి అరగంట సీనియర్ అమ్మాయి అడవులు వేయించేది, ఆ టైమ్‌లో నేను ఆవిడకి ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, జావ తాగించి వచ్చేదాన్ని. క్లాసు మధ్యలో పిలిస్తే వెళ్లేదాన్ని, పిల్లలు అర్థం చేసుకున్నారు. ఇది నీకు ఎందుకు చెప్తున్నానంటే, నీకూ రేపు ఇలాంటిది వస్తుంది, అత్తమ్మకో, మామయ్యకో, బాబుకో, నీకో. ఆ రోజుకి నీ బదులు అరగంట నిలబడగలిగే ఇద్దరు పిల్లల్ని ఇప్పటి నుంచే తయారు చేసుకో. కర్ర పట్టుకోవడం, నట్టువాంగం చెప్పడం పదమూడు పద్నాలుగేళ్ల వయసు నుంచే వాళ్లకి నేర్పు.

చివరిగా బాబు సంగతి. క్లాసులో ఉంచు, కానీ నీ ఒళ్లో కాదు. గోడ వారగా వాడికంటూ ఒక చాప, నాలుగు బొమ్మలు పెట్టు, మొదటి కొన్ని వారాలు అవ్వ గానీ తాత గానీ పక్కన కూర్చోవాలి. నీ దగ్గరికి పరిగెత్తుకొస్తే ఒక్కసారి ఎత్తుకుని మళ్లీ అక్కడే దించు, అరవకు. వచ్చినవాళ్ల ముందు "మేడమ్ కొడుకు చూడండి ఎలా చేస్తాడో" అని ఆడించకు, ఎవరైనా ఆడించబోయినా వద్దను. వాడికి ఆసక్తి ఉంటే ఏడేళ్లప్పుడు వాడే వచ్చి వరసలో నిలబడతాడు. అప్పుడు మిగతా పిల్లల్లాగే వాడు కూడా క్లాసులో నిన్ను మేడమ్ అనాలి, వాడికి ఎక్కువ తిట్లు వద్దు, ఎక్కువ మెప్పూ వద్దు. మా అమ్మాయికి పునాది వరకు నేను చెప్పి, తర్వాత ఇంకో టీచరు దగ్గరికి పంపాను. మా అబ్బాయికి డాన్స్ పట్టలేదు, మృదంగం నేర్చుకున్నాడు, ఇప్పుడు మా ప్రోగ్రాంలకి వాడే వాయిస్తాడు. విజయదశమికి మొదలుపెట్టు, ఇంకా టైమ్ ఉంది. ఈ లోపల నేల పని, కర్ర, చెక్క, ఒక రిజిస్టరు, పిల్లల తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు రాసుకునే పుస్తకం సిద్ధం చేసుకో, అత్తమ్మతో కూర్చుని ఏ టైమ్ అయితే ఇంటికి కుదురుతుందో ఆవిణ్ణే అడిగి పెట్టుకో. మొదటి రోజు ఇద్దరే వచ్చినా ఆ ఇద్దరికీ పూర్తి గంటన్నర పాఠం చెప్పు.